అమ్మ డైరీలో నేను కొట్టేసిన మాటలు

మొన్న ఉగాదికి డాలస్ నుంచి మా చెల్లి ఫోన్ చేసింది. పిన్ని కూతురు. "అక్కా, నువ్వు పంపిన పీడీఎఫ్ ముందు పెట్టుకునే చేశాను. గ్రాము తేడా లేదు. అయినా పులిహోర నల్లగా వచ్చింది, నోట్లో పెట్టుకుంటే పళ్లు పులిసిపోతున్నాయి" అంది. అమ్మ పక్కనే కూర్చుని ఉంది. స్పీకర్ ఆన్ చేశాను. అమ్మ అడిగింది ఒక్కటే: "చింతపండు కొత్తదా, పాతదా?"

చెల్లికి తెలియదు. ఇండియన్ స్టోర్లో దొరికిన ప్యాకెట్ తెచ్చుకుంది. "డైరీలో రాశాను కదే, చూసుకోలేదా?" అంది అమ్మ.

అమ్మ రాసింది. నేనే కొట్టేశాను.

అమ్మ డైరీ 1983 నాటిది. ఎరువుల కొట్టువాళ్లు నాన్నకి ఇచ్చారు. మొదటి ఏడెనిమిది పేజీల్లో పత్తి కూలీల లెక్కలు, పురుగుమందు బాకీలు, నాన్న రాత. ఆ తర్వాత అంతా అమ్మ రాతే. గుండ్రంగా, కాస్త కుడివైపుకి వాలి ఉంటుంది. వంటకం పేరు కింద రెండు గీతలు. సరుకులు, కొలతలు, చేసే పద్ధతి. అక్కడితో ఆగదు. అంచుల్లో అడ్డంగా, పేజీ కింద ఖాళీ ఉంటే అక్కడ, ఒక్కోసారి రెండు వరుసల మధ్య ఇరికించి, ఇంకేవో మాటలు ఉంటాయి. ఆ వంట ఎవరి దగ్గర నేర్చుకుంది, మొదటిసారి ఎప్పుడు చేసింది, ఏది వికటించింది, ఎవరు మారు వడ్డించుకున్నారు, ఆ రోజు ఇంట్లో ఏం జరిగింది.

2014లో మా అక్కచెల్లెళ్లందరికీ పనికొస్తుందని ఆ డైరీని టైపు చేశాను. మొత్తం 63 వంటకాలు. చారెడును గ్రాముల్లోకి, సోలను మిల్లీలీటర్లలోకి మార్చాను. అమ్మ కబుర్లన్నీ తీసేశాను. వంటకి అవసరమైనవి ఉంటే చాలనుకున్నాను. పీడీఎఫ్ చూసి అందరూ ఎంత నీట్‌గా ఉందో అన్నారు. రెండేళ్ల తర్వాత ఇంటికి రిపేర్లు చేయిస్తూ సామానంతా అటక మీదికి ఎక్కించాం. డైరీ ఉన్న అట్టపెట్టెకు చెద పట్టింది. దించి చూసేసరికి మట్టి మిగిలింది. టైపు చేసేటప్పుడు అక్షరాలు సరిగా కనపడక ఫోన్లో ఫోటో తీసుకున్న నాలుగు పేజీలు మాత్రం ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి.

పులిహోర పేజీ ఆ నాలుగింటిలో లేదు. అందులో ఏముందో ఉగాది రోజు అమ్మే చెప్పింది. పిన్ని పెళ్లిచూపులు మాఘమాసంలో. అప్పటికి కొత్త చింతపండు చేతికి రాలేదు. ఇంట్లో ఉన్నది పోయినేటిది, ఉప్పు కలిపి కుండలో తొక్కి పెట్టింది. చింతపండు పాతబడేకొద్దీ నల్లబడుతుంది, పులుపూ ముదురుతుంది. కంగారులో అమ్మ ఎప్పటి కొలతే వేసేసింది. పులిహోర నల్లగా దిగింది. వచ్చినవాళ్లు ఏమీ అనకుండా తిన్నారు. పెళ్లికొడుకు మాత్రం మారు అడిగాడు. ఆ పెళ్లికొడుకే మా బాబాయి, చెల్లి వాళ్ల నాన్న. పాతదైతే సగమే వేసి చిన్న బెల్లం ముక్క కలపాలని, ఈ సంగతంతా కలిపి అమ్మ ఆ పేజీ కింద రాసుకుంది. బాబాయి పోయి నాలుగేళ్లు. ఫోన్లో అవతలి నుంచి చాలాసేపు మాట వినపడలేదు. వాళ్ల అమ్మానాన్నలు మొదటిసారి ఒకరినొకరు చూసుకున్న రోజుని నేను "చింతపండు - 80 గ్రాములు" అని రాసి పంపాను.

అప్పటినుంచి నాకు ఒక విషయం గట్టిగా అనిపిస్తోంది. వంటకం పక్కన ఆడవాళ్లు రాసుకునే కబుర్లు వంటకంలో భాగమే. వాటిని కోసేస్తే వంటా చెడుతుంది, మనుషులూ పోతారు, మనం ఎక్కడినుంచి ఏం తింటూ వచ్చామో చెప్పే ఆధారమూ పోతుంది. "సోది ఆపి వంట చెప్పు" అనేవాళ్లు ఇప్పుడు ఎక్కడ చూసినా ఉన్నారు. నేనూ వాళ్లలో ఒకదాన్నే. అందుకే ఈ మాట వాళ్లకి చెప్పాలనుకుంటున్నాను.

వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. పొయ్యి మీద నూనె కాగుతుంటే ఎవరి మేనత్త కథా చదివే తీరిక ఉండదు. సరే, కొలతలు పైన రాయండి, కబుర్లు కింద రాయండి. వరుస ఏదైనా నాకు పేచీ లేదు. వాటిని సోది అనడంతోనే నా పేచీ. ఒక మగాయన ఏదో ఊరు వెళ్లి, అక్కడి పాకలో తిన్న చేపల పులుసు గురించి పది పేజీలు రాస్తే దాన్ని యాత్రా సాహిత్యం అంటాం. అదే పులుసు ముప్పై ఏళ్లుగా వండుతున్న మనిషి, అది ఎలా మారుతూ వచ్చిందో రాస్తే సోది అంటాం.

ఫోటోల్లో మిగిలిన ఒక పేజీ చూపిస్తాను. మాగాయది. పైన మూలన 1990 మే అని ఉంది. అమ్మ రాసింది రాసినట్టే ఇస్తున్నాను.

"మాగాయ. కాయలు 25, పుల్లవి, టెంక ముదిరినవి. చెక్కు తీసి ముక్కలు. ఉప్పు, పసుపు కలిపి జాడీలో మూడు రోజులు. మూడో రోజు పిండి ఎండ. ఊట గిన్నె కూడా ఎండలో పెట్టాలి, మరవకూడదు. ఈ ఏడు మొదటి ఎండ తగిలిందో లేదో తుఫాను. ముక్కలు నులక మంచం మీద పరిచి, కింద రెండు కుంపట్లు పెట్టాం. అత్తయ్యగారు రెండు రాత్రులు నిద్రపోలేదు, నిప్పు మంచానికి అంటుకుంటుందని భయం. ముక్క ఆరింది. బూజు రాలేదు. కొంచెం పొగ వాసన. పిల్లలు అదే బాగుందన్నారు."

నా పీడీఎఫ్‌లో ఈ చివరి భాగమంతా కలిపి ఒకే వాక్యం: "ముక్కలను 2-3 రోజులు ఎండబెట్టాలి."

1990 మే 9న కృష్ణా నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో తీరం దాటిన తుఫాను కోస్తాలో తొమ్మిది వందలమందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ లెక్కలు ప్రభుత్వ కాగితాల్లో ఉంటాయి. తీరానికి ఎంతో దూరంలో, నరసరావుపేట పక్క పల్లెలో, ఏడాదికి సరిపడా పచ్చడి పాడైపోకుండా ఒక అత్తా కోడలూ మంచం కింద నిప్పు పెట్టుకుని మేలుకుని కూర్చున్న సంగతి ఏ కాగితంలో ఉంటుంది? పచ్చడి పోతే ఏమవుతుందని ఇప్పుడు మనకి అనిపించవచ్చు. అప్పట్లో వానాకాలంలో కూరగాయలు లేని రోజుల్లో అన్నంలో కలుపుకోవడానికి ఆ జాడీయే దిక్కు. వంటపరంగా చూసినా ఆ పేజీలో ఎంతో ఉంది. ఎండ లేకపోతే ఏం చేయాలో ఉంది. బొగ్గు వేడికి ముక్క ఆరుతుందని, పొగ పడుతుందని, పడినా బాగుంటుందని ఉంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లో ఎండ తగలని బాల్కనీ ఉన్న నాలాంటి మనిషికి కావలసినది సరిగ్గా అదే. దాన్నే అనవసరమని తీసేశాను.

కొలతల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మన పాత కొలతలంటే గిద్దె, సోల, తవ్వ, మానిక. 4 గిద్దెలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక. ఇవి కొట్లో కొనేటప్పుడు, ధాన్యం కొలిచేటప్పుడు. పొయ్యి దగ్గరకి వచ్చాక కొలత పాత్ర చెయ్యే. చిటికెడు, చారెడు, పిడికెడు, గుప్పెడు, దోసెడు. పులుపూ తీపీ కాయల లెక్కన ఉంటాయి, నిమ్మకాయంత చింతపండు, ఉసిరికాయంత బెల్లం. సమయానికి గడియారం లేదు. పచ్చివాసన పోయేదాకా, దోరగా వేగేదాకా, నూనె పైకి తేలేదాకా. ఇదంతా చదువురాని లెక్క అని, గ్రాములూ నిమిషాలూ వస్తే సరిగ్గా ఉంటుందని నేను నమ్మాను.

అరిసెల పాకం దగ్గర ఆ నమ్మకం సడలింది. పాకం ఉండ కట్టే దశ థర్మామీటర్ లెక్కలో సుమారు 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్. నేను ఆన్‌లైన్లో థర్మామీటర్ తెప్పించి, 114 దగ్గర దించి పిండి పోశాను. అరిసెలు నూనెలో విడిపోయాయి. అమ్మ పళ్లెంలో నీళ్లు పోసి, అందులో చుక్క పాకం వేసి, వేళ్లతో దగ్గరికి తీసి చూసింది. "ఈ బెల్లంలో చెమ్మ ఎక్కువ, ఇంకో రెండు పొంగులు రానివ్వు" అంది. ఈ బెల్లం ఏ తీరుదో, ఇవాళ గాలిలో తేమ ఎంతుందో, అన్నీ కలిసి ఆ నీళ్లలోని చుక్కలో కనపడతాయి. బెల్లం మారితే నా అంకె తప్పింది, ఆమె వేళ్లు తప్పలేదు. అమ్మ డైరీలో "పళ్లెంలో నీళ్లలో వేస్తే మెత్తగా ఉండ అవ్వాలి, టంగుమని మోగితే ముదిరినట్టు" అని ఉందని ఇప్పుడు చెబుతోంది. పరికరం పనిచేసే తీరంతా ఆ వాక్యంలోనే ఉంది. ఎన్ని తరాల ఆడవాళ్లు ఎన్ని సంక్రాంతులు పాకం చెడగొట్టుకుంటే ఆ వాక్యం తయారైందో.

మనం ఏం తింటూ వచ్చామో చెప్పే ఆధారం అని ఇందాక అన్నాను, ఊరికే అనలేదు. మిగిలిన ఫోటోల్లో ఒకటి బాలింత చారుది. "నాయనమ్మ చెప్పింది. మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి. మిరపకాయ ముట్టించకూడదు" అని ఉంది. మా ఊరి చుట్టూ మిరప కల్లాలు. ఫిబ్రవరి వస్తే ఊరంతా ఎర్రగా ఆరబోసినట్టు ఉంటుంది, దారిన పోతుంటే తుమ్ములు ఆగవు. మిరపకాయ లేని తెలుగు వంటని నేను ఊహించలేను. కానీ అది అమెరికా ఖండం మొక్క. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరిన తర్వాతే పోర్చుగీసువాళ్లతో మన తీరానికి వచ్చింది. దాని పేరులోనే ఆ సంగతి ఉంది, కారానికి మనకి అప్పటిదాకా తెలిసింది మిరియం కాబట్టి కొత్త కాయని ఆ పేరు మీదే పిలిచారు. మిరప రాకముందు మనవాళ్లు ఎలా వండుకునేవారో వెతకాలంటే నేనైతే బాలింత పథ్యం దగ్గర మొదలుపెడతాను. కొన్ని ఇళ్లలో తద్దినం వంటలోనూ మిరపకాయ వేయరు, మిరియమే. పాత అలవాట్లు ఇలాంటి చోట్లే మిగులుతాయని నా ఊహ. ఆ చోట్లు ఆడవాళ్ల చేతిలో ఉన్నాయి. పురిటి గదిలోకి ఏ కవీ రాలేదు.

కవులు భోజనాల గురించి రాయలేదని కాదు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి ఇంట అతిథులకి పెట్టే భోజనం చెబుతూ, వానాకాలంలో కలమాన్నం, ఒలిచిన పప్పు, నాలుగైదు పొగపిన (తాలింపు పెట్టిన) కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి అని లెక్కపెట్టాడు. ఎంత కచ్చితమైన చూపు అది! జడివానలో తాజా కూర దొరకదు కాబట్టి ఎండాకాలంలో చేసి దాచిన వడియాలూ వరుగులూ విస్తట్లోకి వస్తాయి. అర్ధరాత్రి ఆ ఇంట్లో వినపడే చప్పుళ్ల గురించి ఇంకో పద్యం ఉంది. భగవంతుడి కథలు, దివ్యప్రబంధ పఠనం, వాటితోపాటు అతిథితో అనే మాటలు: కూరలు ఎక్కువ లేవు, వేడిగా లేవు, పిండివంటలు లేవు, అన్నం అంత బాగా కుదరలేదు, దయచేసి భోంచేయండి. ఈ పద్యం నాకు ఎంతో ఇష్టం. అయినా చదివిన ప్రతిసారీ ఒక ప్రశ్న వస్తుంది. ఆ వడియాలు ఏ ఎండలో ఎవరు పెట్టారు, కాకుల్ని ఎవరు తోలారు, మబ్బు పడితే ఎవరు పరిగెత్తి ఎత్తారు? వడ్డన దగ్గరి వినయం పద్యంలోకి వచ్చింది. మంచం కింద కుంపటి లాంటిది ఆ ఇంట్లోనూ ఏదో ఉండే ఉంటుంది, అది రాలేదు.

మంచి వంటకి మనకున్న పెద్ద మాట నలభీమపాకం. ఇద్దరూ మగవాళ్లేనని చాలామంది అన్నారు. నాకు అంతకంటే ఆశ్చర్యంగా తోచేది ఇంకొకటి. నలుడు బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుడి కొలువులో దాక్కున్నప్పుడు వంట చేశాడు. భీముడు వలలుడై విరాటుడి వంటింట్లో అజ్ఞాతవాసం గడిపాడు. అంటే ఇద్దరూ పేరు దాచుకున్న రోజుల్లోనే వండారు. బాహుకుడు వండిన మాంసం తెప్పించి, రుచి చూసి, ఇతను నలుడేనని దమయంతి గుర్తుపట్టింది. వంటలో మనిషి ఉంటాడని, నాలుకకి ఆ మనిషి తెలుస్తాడని మన కథలకే తెలుసు. కొన్నాళ్లు అజ్ఞాతంలో వండిన వాళ్ల పేర్లు వేల ఏళ్లు నిలిచాయి. జన్మంతా వండినవాళ్ల పేరు రేషన్ కార్డు దాటి ఎక్కడా కనపడదు.

అందుకే పేరు పెట్టి రాసిన ఆడవాళ్లంటే నాకు గౌరవం. తమిళంలో ఎస్. మీనాక్షి అమ్మాళ్ 1951లో 'సమైత్తు పార్' తెచ్చారు. వండి చూడు అని అర్థం. చిన్న వయసులో భర్త పోయారు. వంట బాగా చేస్తారని బంధువులంతా ఉత్తరాలు రాసి అడుగుతుంటే, అవన్నీ కలిపి పుస్తకం చెయ్యమని వాళ్ల బాబాయి వరస పెద్దాయన ప్రోత్సహించారు. తన బంగారం మీద డబ్బు తెచ్చి అచ్చు వేయించారు. 1962లో ఆవిడ పోయారు. పుస్తకం ఇంకా అమ్ముడవుతోంది, పెళ్లయి వెళ్లే అమ్మాయిల పెట్టెల్లో చేరుతోంది. పక్కన నిలబడి చెబుతున్నట్టు ఉంటాయి ఆ సూచనలు. ఆ రోజుల్లో మన దగ్గర భర్త పోయిన ఆడమనిషిని శుభకార్యాల వంటింటి గడప కూడా తొక్కనివ్వని ఇళ్లు ఎన్నో. అలాంటి కాలంలో ఆవిడ చెప్పిన లెక్క ప్రకారం కొన్ని వేల ఇళ్లలో పండగ వంట జరిగింది. ఇది మామూలు సంగతి కాదు.

తెలుగులో మాలతీ చందూర్ ఉన్నారు. నూజివీడులో పుట్టి మద్రాసులో స్థిరపడ్డారు. ఆంధ్రప్రభలో ప్రమదావనం శీర్షిక దశాబ్దాలపాటు నడిపి, పాఠకుల ప్రశ్నలకి ఒంటి ఆరోగ్యం దగ్గర్నుంచి సంసారంలో చిక్కుల దాకా జవాబులు చెప్పారు. 'హృదయనేత్రి' నవలకి 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మా వీధిలో మాత్రం ఆవిడ పేరు చెబితే గుర్తొచ్చేది 'వంటలు-పిండివంటలు'. మా పెద్దమ్మ దగ్గరున్న ప్రతికి అట్ట ఊడిపోతే సిమెంటు బస్తా కాగితంతో కుట్టుకుంది. ఒకే రచయిత్రి, రెండు పుస్తకాలు. సాహిత్య సభల్లో నవల గురించి మాట్లాడతారు, వంట పుస్తకం ప్రస్తావన వస్తే చిన్నగా నవ్వి దాటేస్తారు. నేను వెళ్లిన సభల్లో జరిగింది అదే. భాషని ఇంట్లో రోజూ పనికొచ్చేలా రాయడం, చదివినవాళ్ల చేతిలో అది అన్నమై దిగేలా రాయడం, తేలికైన పనా? ఒక్క వాక్యం అటూ ఇటూ అయితే ఎక్కడో ఒక కొత్త కోడలికి మాటలు పడతాయి.

వంటకంలో కథ ఎలా పెట్టాలో నాకు అందరికంటే బాగా చూపించింది బెంగాలీ రచయిత్రి ప్రజ్ఞాసుందరీ దేవి. రవీంద్రనాథ్ టాగోర్ అన్నగారి కూతురు, అస్సామీ రచయిత లక్ష్మీనాథ్ బెజ్‌బరువా భార్య. 'పుణ్య' అనే పత్రిక నడిపారు. 1900 ప్రాంతంలో శాకాహార, మాంసాహార వంటల మీద పెద్ద గ్రంథం మొదలుపెట్టారు. ఆవిడ వంటకాలకి మనుషుల పేర్లు పెట్టారు. రామ్‌మోహన్ దోల్మా పులావ్, ద్వారకానాథ్ ఫిర్నీ పులావ్. చిన్నాన్న యాభయ్యో పుట్టినరోజుకి కాలీఫ్లవర్‌తో బర్ఫీ చేసి దానికి కవి సంవర్ధన అని పేరు పెట్టారు. ఇక ఆ బర్ఫీ చేసిన ప్రతిసారీ ఆ పుట్టినరోజు వస్తుంది.

ఇంతవరకూ చెప్పినవాళ్లందరికీ కాగితం ఉంది, చదువు ఉంది, కూర్చుని రాసుకునే చోటు ఉంది. 1961 జనాభా లెక్కల నాటికి ఆంధ్రప్రదేశ్‌లో చదవడం, రాయడం వచ్చిన ఆడవాళ్లు నూటికి దాదాపు 12 మంది. మిగిలిన 88 మంది వంటిళ్లు? నేను చేసిన తప్పుల్లో నన్ను ఎక్కువ బాధపెడుతున్నది ఇక్కడే ఉంది.

నా పీడీఎఫ్‌లో 41వ వంటకం పేరు "ఆకుకూర పప్పు - 3". డైరీలో దాని పేరు గురుగాకు పప్పు. గురుగు ఎవరూ విత్తేది కాదు. పత్తి చేలో, మిరప చేలో దానంతటదే మొలుస్తుంది, తెల్లగా గులాబీ అంచుతో కంకి వేస్తుంది. కలుపు అని పీకేస్తారు. మా చేలో కలుపు తీసే ఒకావిడ సాయంత్రం ఇంటికి వెళ్తూ ఆ పీకిన దాంట్లోంచి లేత చివుళ్లు ఏరి ఒడిలో కట్టుకునేది. ఒక కరువు ఏడాది, మార్కెట్లో కూర కొనలేని రోజుల్లో, అమ్మ ఆవిణ్ని అడిగి నేర్చుకుంది. లేత ఆకు ఏదో, ముదురు ఏదో ఆవిడ చేలోనే చూపించిందట. పువ్వు వచ్చాక కోయొద్దంది. ముందు ఒక పొంగు ఉడికించి ఆ నీళ్లు పారబోయమంది. అమ్మ ఇవన్నీ రాసి, పైన ఆవిడ పేరు రాసింది. నేను టైపు చేసేటప్పుడు గురుగాకు హైదరాబాద్‌లోనూ డాలస్‌లోనూ ఎవరికి దొరుకుతుందని ఆకు పేరు తీసేశాను. మనిషి పేరు వంటకంలో ఎందుకని అదీ తీసేశాను. ఇప్పుడు అమ్మకి ఆ పేరు గుర్తు రావడం లేదు. ముఖం గుర్తుంది, చేతికి పచ్చబొట్టు గుర్తుంది, మాట తీరు గుర్తుంది. పేరు నాలుక చివర దాకా వచ్చి ఆగిపోతోంది. ఆవిడకి చదువు రాదు. ఆవిడ ఈ లోకంలో ఒకే ఒక్క చోట అక్షరాల్లో ఉంటే, అక్కడినుంచి ఆవిణ్ని తీసేసింది నేను.

రాయడం రానివాళ్ల వంట నమోదు కాదనడానికి వీల్లేదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఉన్న ఆడవాళ్లు చాలావరకు దళితులు, చిన్న చెలకలవాళ్లు. విత్తకుండా పొలంలో మొలిచే కూరాకులు ఎన్ని రకాలో, ఏది ఎప్పుడు తినాలో, ఏది బాలింతకి పెట్టాలో వాళ్లు లెక్కపెట్టి చెప్పారు. చదువురానివాళ్లే కెమెరాలు పట్టి సినిమాలు తీశారు. 2008లో మాచ్నూర్‌లో సంఘం రేడియో పెట్టుకుని ఈ సంగతులు తమ యాసలో, తమ గొంతుతో చెప్పుకున్నారు. ఏటా జరిపే పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరా తిరుగుతాయి. మనం కలుపు అనే దానికి అక్కడ ఒక్కోదానికి ఒక్కో పేరు, ఒక్కో వంట, ఒక్కో కథ. కలుపుమందు కొట్టిన చేలో ఆ ఆకులు మొలవవు, మొలిచినా తినకూడదు. ఒక వంటకం ఎందుకు పోయిందో తెలియాలంటే కొలతలు చాలవు, ఆ చేలో ఏం జరిగిందో కూడా ఎవరో ఒకరు చెప్పాలి.

ఇంకొక్క సంగతి. ఇది మన దేశానిది కాదు, కానీ తెలిసినప్పటినుంచి నా మనసులోంచి పోవడం లేదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో నాజీలు యూదుల్ని బంధించిన థెరిసియన్‌స్టాట్ శిబిరంలో, ఆకలితో చస్తున్న ఆడవాళ్లు వంటకాలు రాసుకున్నారు. దొరికిన చిత్తు కాగితాల మీద, జ్ఞాపకం నుంచి. గూస్ మాంసం, కేకులు, డంప్లింగులు. తినడానికి సరైన రొట్టె ముక్క లేని చోట. కొన్నిటిలో సరుకులు తప్పాయి, కొన్నిటిలో మధ్య మెట్టు లేదు. వాటిని దాచిన మీనా పెఖ్టర్ అనే పెద్దావిడ 1944లో అక్కడే కన్నుమూశారు. పోయే ముందు ఆ కాగితాల కట్ట ఒక స్నేహితుడి చేతిలో పెట్టి, పాలస్తీనాలో ఉన్న తన కూతురికి చేర్చమన్నారు. అడ్రసు లేదు. చేతులు మారి మారి 1969లో న్యూయార్క్‌లో ఆ కూతురికి చేరింది. చాలాకాలం ఆవిడ ఆ కట్ట విప్పలేకపోయిందట. 1996లో పుస్తకమైంది. అందులో నింపిన గుడ్ల వంటకం ఒకటి మీనా తన ఇంటి పేరుతోనే రాశారు. అలంకరణ చెప్పి, ఆపైన మీ ఊహకి వదిలేయండి అన్న అర్థంలో ముగించారు. దాన్ని చూసి వండాలనుకుంటే కుదరకపోవచ్చు. అలాగని అందులోంచి ఎవరైనా ఒక్క మాట తీసేయగలరా?

ఉగాది తర్వాత నుంచి ప్రతి ఆదివారం అమ్మా నేనూ కూర్చుంటున్నాం. కొత్త నోటుపుస్తకం కొన్నాను, గీతలున్నది, పెద్దది. ఫోన్లో రికార్డింగ్ పెడతాను, తర్వాత చేత్తో రాస్తాను. అమ్మకి డెబ్బై నాలుగు. ఒక వంటకం మొదలుపెడితే మధ్యలో ముగ్గురు మనుషులు, రెండు పెళ్ళిళ్లు, ఒక తగాదా వస్తాయి. అడ్డుపడటం మానేశాను. చారెడు అన్నప్పుడు ఆమె చెయ్యి ఫోటో తీసి ఆ పేజీకి అంటిస్తున్నాను. ఇప్పటికి 19 అయ్యాయి. పులిహోర పేజీ ఫోటో తీసి పంపితే చెల్లి దాన్ని ఫ్రేము కట్టించుకుని వంటగదిలో పెట్టుకుంది.

ఇరవయ్యోది గురుగాకు పప్పు. ఎలా చేయాలో మొత్తం రాశాం. పైన పేరు రాయాల్సిన చోట ఖాళీ వదిలాను. ఆవిడ పోయి చాలా ఏళ్లయిందని, కూతురు చిలకలూరిపేట వైపు స్పిన్నింగ్ మిల్లులో పనిచేస్తోందని ఊళ్లోవాళ్లు చెప్పారు. సంక్రాంతికి అమ్మని తీసుకుని వెళ్తున్నాను. అమ్మ ఇప్పటినుంచే ఆ అమ్మాయికి ఏం పట్టుకెళ్లాలో ఆలోచిస్తోంది. అరిసెలు చేస్తానంటోంది, పాకం మాత్రం తనే చూస్తుందట.